ఫైబర్‌కి మారిన ఇళ్లలో పాత ఫోన్లు: ఏది పనిచేస్తుంది, ఏది మేము ఇక తీసుకోం, రేట్లు ఎందుకు పెంచాం

మా కస్టమర్లకు నమస్కారం.

రాగి తీగ లైన్లు తీసేసి ఫైబర్ ఇస్తున్నకొద్దీ షాపుకి వచ్చే ల్యాండ్‌లైన్ ఫోన్లు పెరిగాయి. "ఫైబర్ పెట్టాక ఫోను చెడిపోయింది" అంటున్నారు. వాటిలో చాలావరకు చెడిపోలేదు. లైను మారింది, అంతే. బాగున్న ఫోనుకి రిపేరు డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు కాబట్టి, ఏ కాలపు ఫోను ఇప్పటి లైనుకి ఎంతవరకు సరిపోతుందో ఇక్కడ రాస్తున్నాం. చదివాక అవసరమైతేనే తీసుకురండి.

అన్నిటికంటే పాతవి, డయలు లేకుండా పక్కన హ్యాండిల్ తిప్పే మాగ్నెటో ఫోన్లు. 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్‌ఛేంజీలు మొదలైనప్పుడు అన్నీ మనుషులు కలిపే బోర్డులే. హ్యాండిల్ తిప్పితే లోపలి జనరేటర్ 75 వోల్టులకు అటూఇటూగా ఏసీ పుట్టిస్తుంది. అది బోర్డు మీద మీ నంబరు దగ్గరున్న చిన్న రేకు మూతను కింద పడేస్తుంది. ఆపరేటర్ అది చూసి ఒక తీగ చివరి ప్లగ్గుని మీ లైను రంధ్రంలో (జాక్) గుచ్చి, నంబరు అడిగి, జత తీగ ప్లగ్గుని అవతలివాళ్ల జాక్‌లో గుచ్చి గంట మోగించేవారు. పెద్ద బోర్డుల్లో ఒకే లైను జాక్ చాలామంది ఆపరేటర్ల ముందు ఉంటుంది. అందుకని గుచ్చే ముందు ప్లగ్గు కొనను జాక్ అంచుకి తాకించి చూసేవారు. హెడ్‌సెట్‌లో టిక్కుమంటే ఆ లైను ఖాళీ లేదన్నమాట. ఆ 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు గిటారుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఈ రోజుకీ వాడుతున్నారు.

మాగ్నెటో ఫోను మాత్రం ఇప్పటి ఏ లైనులోనూ పనిచేయదు. పైగా దాన్ని ఫైబర్ పెట్టెకి (ఇంట్లో ఫైబర్ లైను వచ్చి కలిసే మోడెం) తగిలించి హ్యాండిల్ తిప్పకండి. ఆ వోల్టేజికి పెట్టెలోని ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. ఇలాంటివి రెండు ఉంటే ఒక మార్గముంది: ఒక్కో ఫోనులో 1.5 వోల్టుల సెల్స్ రెండేసి పెట్టి, మధ్యలో రెండు తీగలు లాగితే చాలు. ఎక్స్‌ఛేంజి అక్కర్లేదు. కిందికీ మేడమీదికీ మాట్లాడుకోవచ్చు. ఈ పని సంతోషంగా చేసిపెడతాం.

తరువాత వచ్చిన మార్పు కరెంటుకి సంబంధించింది. ఇప్పుడు మీరు పడుతున్న ఇబ్బందికి మూలం కూడా అక్కడే ఉంది. ఫోనులోని సెల్స్ తీసేసి బ్యాటరీని ఎక్స్‌ఛేంజిలోనే పెట్టారు: 2 వోల్టుల లెడ్ యాసిడ్ సెల్స్ 24, మొత్తం 48 వోల్టులు. ప్లస్‌ని భూమికి కలిపి లైనుని మైనస్‌లో ఉంచారు, కేబుల్లోకి తేమ దిగినా రాగి తొందరగా తుప్పుపట్టి పోకుండా. రిసీవర్ ఎత్తగానే లైనులో కరెంటు పారి, ఎక్స్‌ఛేంజికి మీరు ఎత్తిన సంగతి తెలుస్తుంది. ఊరంతా కరెంటు పోయినా ఫోను పలికింది ఈ బ్యాటరీ వల్లే. ఫైబర్ అంటే గాజు పోగు. అందులో వెలుతురు వస్తుంది, కరెంటు రాదు. 48 వోల్టులు ఇప్పుడు మీ ఇంట్లోని పెట్టె తయారు చేయాలి. మీ ఇంట్లో కరెంటు పోతే ఫోనూ పోతుంది.

దీనికి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి. కొనేముందు మీ పెట్టె అడాప్టర్ మీద ఉన్న అంకె చూడండి. 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉన్నవీ ఉన్నాయి, 1.5 ఆంపియర్లవీ ఉన్నాయి. యూపీఎస్ ఇచ్చే ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఒక్కోటి 3.7 వోల్టుల 2,000 ఎంఏహెచ్ సెల్స్ మూడున్న యూపీఎస్‌లో సుమారు 22 వాట్-అవర్లు ఉంటాయి. 10 వాట్లు తాగే పెట్టెకి అది రెండు గంటలకి మించి రాదు. "నాలుగు గంటల బ్యాకప్" అని అట్టపెట్టె మీద రాసి ఉన్నా ఈ లెక్క వేసుకునే కొనండి.

ఇక మీరు ఎక్కువగా తెచ్చేవి, వేలు పెట్టి తిప్పే డయలు ఫోన్లు. ఆపరేటర్ లేకుండా కలిపే స్విచ్‌కి అమెరికాలో ఆల్మన్ స్ట్రోజర్ 1891లో పేటెంటు పొందాడు. వృత్తిరీత్యా అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. మరుసటేడు ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టులో తొలి ఎక్స్‌ఛేంజి మొదలైంది. డయలు వెనక్కి తిరిగేటప్పుడు లైను కరెంటుని తెంచుతూ కలుపుతూ ఉంటుంది: 3 తిప్పితే మూడుసార్లు, 0 తిప్పితే పదిసార్లు, సెకనుకి పది చొప్పున. స్ట్రోజర్ ఎక్స్‌ఛేంజిలో ఆ దెబ్బలకి ఒక ఇరుసు మెట్టు మెట్టుగా పైకి లేచి, పక్కకి తిరిగి మీ నంబరుని పట్టుకునేది.

ఈ డయలులో సాధారణంగా చెడేది వేగం. 0 వరకు తిప్పి వదలండి. సెకను, సెకనుంపావులో వెనక్కి రావాలి. రెండు సెకన్లు పడితే నూనె ఎండి జిగురైనట్టు. అప్పుడు నంబర్లు తప్పు వెళ్తాయి. ఇంట్లో కుట్టుమిషను నూనె పోయకండి. లోపల వేగాన్ని అదుపుచేసే గవర్నర్ రెక్కలు ఒక చిన్న గిన్నె గోడకి రాసుకుంటూ తిరగాలి. ఆ గోడకి నూనె అంటితే పట్టు పోయి డయలు పరుగెత్తుతుంది. మేము ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఇరుసు కొనలకి మాత్రం గడియారం నూనె ఒక్కో చుక్క పెడతాం. తరువాత మీటరు మీద వేగం చూసి స్ప్రింగు సరిచేస్తాం. సగం పూట పడుతుంది. అందుకే ఈ సర్వీసు రేటు 600 రూపాయల నుంచి 850కి పెంచాం.

అయితే డయలు బాగుచేయించినా ఫైబర్‌లో నంబరు వెళ్లకపోవచ్చు. చాలా ఫైబర్ పెట్టెలు ఈ దెబ్బల (పల్స్) డయలింగుని గుర్తించవు, టోన్ మాత్రమే వింటాయి. టోన్ అంటే బటన్ నొక్కితే రెండు స్వరాలు కలిసి పలకడం. ఉదాహరణకు 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్. అమెరికాలో ఇది 1963లో జనానికి అందింది. కాబట్టి మీ డయలు ఫోను ఎత్తగానే డయల్ టోన్ వినిపించి, గంట మోగి, మాట బాగుండి, బయటికి మాత్రం పోకపోతే ఫోనుని తప్పుపట్టకండి. పల్స్-టోన్ కన్వర్టర్ ఒక చిన్న బిళ్ల, ఫోనులోపలే అమర్చుతాం. బటన్ ఫోన్లయితే ముందు అడుగున ఉన్న టీ/పీ (టోన్/పల్స్) స్విచ్ చూడండి. అది పీ వైపు ఉంటే టీ వైపు జరపండి. ఆ ఒక్క పనికి షాపు దాకా రావక్కర్లేదు.

గంట సంగతి వేరు. పాత ఫోనులోని రెండు గిన్నెల గంటకి ఎక్స్‌ఛేంజి 75 వోల్టులు, 25 హెర్ట్జ్ ఇచ్చేది. ఇంటి పెట్టె అంతకంటే తక్కువ ఇస్తుంది. ఒక ఫోను మోగుతుంది. సమాంతరంగా మూడు పాత ఫోన్లు తగిలిస్తే సుత్తి వణుకుతుంది తప్ప మోగదు. ఒకదాంట్లో గంట ఉంచి, మిగతావాటిలో గంట తీగ విప్పేయాలి.

హోటళ్లు, నర్సింగ్ హోముల్లో ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లను కలిపే సొంత చిన్న ఎక్స్‌ఛేంజి) ఉన్నవారికి ఒక మాట. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేస్తే ముందు 0 కొట్టాలి. పాత ఈపీఏబీఎక్స్‌లలో ఎస్‌టీడీ బిల్లు పెరగకుండా 0తో మొదలయ్యే కాల్స్ అన్నిటికీ తాళం వేసి ఉంటుంది. ఆ తాళం ఇప్పుడు మొబైళ్లకీ పడిపోతుంది. లైను బాగాలేదని ఫిర్యాదు చేసేముందు ప్రోగ్రామింగులో 0 తాళం తీసి, విదేశీ కాల్స్ వెళ్లకుండా 00కి మాత్రం ఉంచండి. బయటి లైను తీసుకోవడానికి కూడా 0 వాడే చోట మొబైల్‌కి రెండు సున్నాలు కొట్టాలని రిసెప్షన్‌లో రాసిపెట్టండి.

మొబైల్ గురించి క్లుప్తంగా. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అటు తరువాత వచ్చిన, ఇంట్లో బల్ల మీద పెట్టుకునే సీడీఎంఏ వైర్‌లెస్ ఫోన్లు కొందరు ఇంకా తెస్తున్నారు. అవి మాట్లాడాల్సిన నెట్‌వర్కే ఇప్పుడు లేదు. ఎంత బాగున్నా పలకవు. ఇకపై తీసుకోం. లిఫ్టులో సిమ్ ఫోను పెట్టించినవారు అది 2జీ మాత్రమేనా అని చూసుకోండి. 2జీ ఫోనులో జియో సిమ్ వేస్తే పనిచేయదు, ఆ నెట్‌వర్క్‌లో 2జీ లేదు.

ఇంకొకటి: పాత రిసీవర్లలోని కార్బన్ మైకు క్యాప్సూల్స్ కొత్తవి మాకు దొరకడం లేదు. తేమకి లోపలి కార్బన్ రవ్వలు గడ్డకట్టి గొంతు సన్నబడుతుంది. రిసీవర్‌ని అరచేతికి రెండుసార్లు తట్టి చూడండి, చాలాసార్లు తేరుకుంటుంది. తేరుకోకపోతే అదే డబ్బాలో ఎలక్ట్రెట్ అనే కొత్తరకం మైకు అమర్చుతాం, 350 రూపాయలు. అసలు వస్తువు అలాగే ఉండాలనుకునేవారు ముందే చెప్పండి, ముట్టుకోం.

వచ్చేటప్పుడు ఫోనుతో పాటు గోడ నుంచి ఫోనుకి వచ్చే తీగ, ఫైబర్ పెట్టె మోడల్ నంబరున్న స్టిక్కర్ ఫోటో తీసుకురండి. తీగ మెడ దగ్గర విరిగిన కేసులకి రిపేరు డబ్బు తీసుకోం, తీగ ఖరీదు ఇస్తే చాలు.