మంచె మీది నుంచి

సిరొంచ,
జనవరి

ఒరే మల్లేశూ,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యానికి అడవి పందులే కారణం, నవ్వకు. జొన్న కంకి పట్టింది, రాత్రిళ్లు మంచె మీదే నా పడక. పందుల కోసం మేలుకున్నవాడికి ఆకాశం తప్ప కాలక్షేపం ఏముంటుంది చెప్పు?

మొన్న నడినెత్తిన పిల్లలకోడి, అదే కృత్తికల చుక్కల గుంపు, కనిపించింది. ఎవరికి ఎన్ని పిల్లలు కనిపిస్తాయని చిన్నప్పుడు పందెం కట్టేవాళ్లం, గుర్తుందా? నువ్వు ఎప్పుడూ ఒకటి ఎక్కువ చెప్పి గెలిచేవాడివి. ఆ చుక్కల వయసు 10 కోట్ల ఏళ్ల చిల్లరేనట. మన వడధంలో రాతి ఎముకలు దొరికిన రాక్షసబల్లులు జురాసిక్ కాలానివి. ఆ కాలం ముగిసే 14 కోట్ల ఏళ్లు దాటింది. అంటే ఈ నేల మీద తిరిగిన ఆ బల్లులకు పిల్లలకోడి కనిపించనే లేదురా! అప్పటికి ఆ కోడి పొదగనే లేదు.

వరసగా ఉండే మూడు చుక్కల కింద ఒక మసక మచ్చ ఉంటుంది చూడు. 1,350 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ మబ్బులో ఇప్పటికీ చుక్కలు పుడుతున్నాయి. సరుకంతా చాలామటుకు హైడ్రోజన్, చిటికెడు ధూళి. అది మైనస్ 260 డిగ్రీల దాకా చల్లబడితే గానీ తన బరువుకు తానే కుంగి చుక్క కాదు. తీరా పుట్టాక, పెద్ద చుక్కలు పేలిపోతూ మిగిలిన వాయువును చెదరగొడతాయి. పుట్టింటికి నిప్పు పెట్టే రకం! అయితే ఆ రాక్షసబల్లి ఎముకలోని కాల్షియం కూడా అలాంటి పేలుళ్ల బూడిదే.

మన మహారాష్ట్రలోనే, నారాయణగావ్ దగ్గర ఖోడద్‌లో, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే గిన్నెలు 30 ఉన్నాయి, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు (మనకు పుణె కంటే హైదరాబాదే దగ్గర, అది వేరే సంగతి). హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగం విడుస్తుంది. 800 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీల నుంచి వచ్చేసరికి అది మరీ బలహీనం. అందుకని 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి 2020లో పట్టుకున్నారు. తర్వాత వేసిన లెక్క మా ఆవిడ రోజూ వేసేదే: సిలిండర్‌లో ఎంత ఉంది, పొయ్యి ఎంత మండుతోంది, ఎన్నాళ్లొస్తుంది? ఇక్కడ సిలిండర్ అంటే గెలాక్సీలోని హైడ్రోజన్, పొయ్యి అంటే చుక్కల పుట్టుక. 100 కోట్ల నుంచి 200 కోట్ల ఏళ్లు. అంతే! బయటి నుంచి వచ్చే కొత్త వాయువు చాలక, 1,000 కోట్ల ఏళ్ల క్రితం భగభగ మండిన పొయ్యి సన్నగిల్లింది. మన పాలపుంతలో ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్లంత సరుకే చుక్కలవుతోంది.

ఇదంతా చెబితే మా ఆవిడ, “వాళ్లకూ రెండో సిలిండర్ లేదా?” అంది.

కోతలలోపు ఒకసారి రా. మంచె మీద ఇద్దరికి చోటుంది. ఈసారి కోడిపిల్లలను ముందు నేను లెక్కపెడతాను.

నీ
రాజన్న