కుట్టు చిట్కాకు కారణం కూడా జోడించండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఇంటి పేజీలో వచ్చే కుట్టుపని చిట్కాలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. వాటిలో పనికొచ్చేవే ఎక్కువ. అయితే ఒక్కో చిట్కాను ఒకటి రెండు వాక్యాల్లో ముగించేయడం వల్ల అది ఎందుకు పనిచేస్తుందో, ఏ బట్టకు పనికిరాదో తెలియకుండా పోతోంది. కత్తెర పడ్డాక గుడ్డను మళ్లీ మొదటికి తేలేం కనుక, కుట్టు విషయంలో ఈ లోటు చిన్నదేమీ కాదు.

అరిగిపోయిన సబ్బు బిళ్లతో బట్టపై గుర్తులు పెట్టుకోవచ్చన్న చిట్కానే తీసుకుందాం. ముదురు రంగు నూలు బట్టకు ఇంతకన్నా మంచి సాధనం లేదు; గీత సన్నగా పడుతుంది, ఒక్క ఉతుకుకే పోతుంది. కానీ నీళ్లు తగలకూడని పట్టుబట్టపై ఆ గీతను దేనితో పోగొట్టాలి? చర్మానికి మెత్తదనం కోసం నూనెలు ఎక్కువ కలిపిన సబ్బు అయితే ఇస్త్రీ వేడికి మరకగా మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఇస్త్రీ చేయగానే మాయమయ్యే పెన్నుల సంగతీ ఇలాంటిదే. వేడికి ఆ సిరా రంగు కనబడకుండా పోతుందే గానీ సిరా బట్టలోనే ఉంటుంది, గడ్డకట్టే చలిలో ఆ గీతలు మళ్లీ తేలవచ్చు. ఏ గుర్తునైనా ముందు అదే బట్ట ముక్కపై గీసి, ఇస్త్రీ చేసి, ఉతికి చూసుకోమన్న ఒక్క వాక్యం చేర్చినా ఎన్నో బట్టలు దక్కుతాయి.

కుట్టుమిషను విషయంలో ఇంకా ఎక్కువ గందరగోళం ఉంది. బట్ట అడుగున దారం ఉచ్చులుగా వస్తే చాలామంది అడుగుదారం చుట్టి ఉండే బాబిన్‌ను అనుమానిస్తారు, లేదా దారం బిగువును సరిచేసే టెన్షన్ మరను ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తారు. అడుగున ఉచ్చులు పడుతున్నాయంటే సాధారణంగా లోపం పైదారంలో ఉంటుంది. బట్టను నొక్కి పట్టే ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు బిగిసి ఉండడం వల్ల దారం వాటి మధ్యకు దిగదు. అందుకే ఫుట్ పైకెత్తి, దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కిస్తే చాలాసార్లు మరను ముట్టుకోవలసిన పనే ఉండదు. సూది పాకెట్టుపై ఉండే అంకెల గురించి కూడా ఎవరూ రాయరు. 80/12 అని ఉంటే అందులో 80 అంటే సూది మందం 0.80 మిల్లీమీటర్లని అర్థం. పలుచని బట్టకు 70, మామూలు నూలుకు 80 లేదా 90, జీన్స్ వంటి దళసరి గుడ్డకు 100 వాడాలి. సాగే అల్లిక బట్టలకు మాత్రం మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది కావాలి, ఎందుకంటే అది పోగును కోయకుండా పక్కకు నెట్టి దిగుతుంది. కుట్టేటప్పుడు టక్ టక్‌మని చప్పుడు వస్తోందంటే సూది మొన పోయిందని అనుమానించి, ముందు దాన్ని మార్చి చూడాలి. మిషనుకు వంటనూనె వేయవచ్చని ఎవరైనా రాస్తే దయచేసి అచ్చు వేయకండి. అది కొన్నాళ్లకు జిగురుగా గట్టిపడి భాగాలను పట్టేస్తుంది.

ఇక ముక్కలు అతికి కుట్టే బొంతలు. మిగిలిపోయిన పీలికలన్నీ కలిపి బొంత కుట్టుకోండి అని రాయడం సులువు. ఉతికిన పాత గుడ్డనూ ఇంకా నీళ్లు చూడని కొత్త గుడ్డనూ పక్కపక్కన అతికితే, మొదటి ఉతుకులోనే కొత్తది కుంచించుకుపోయి అతుకు ముడతలు పడుతుంది. బాగా నలిగిన గుడ్డ అయితే కుట్టు వెంబడే చిరుగుతుంది కూడా. కొలత సంగతి అంతకన్నా ముఖ్యం. వరుసకు 10 ముక్కలుంటే 9 అతుకులు పడతాయి. ఒక్కో అతుకులో ఒక మిల్లీమీటరు ఎక్కువ పట్టినా అటు ముక్కా ఇటు ముక్కా రెండూ తగ్గి, వరుస 18 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది, పక్క వరుసతో మూలలు కలవవు. పావు అంగుళం అతుకు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, చివరిదాకా ఒకేలా రావాలంటే సూది నుంచి ఆ దూరంలో మిషను పలకపై ఒక టేపు ముక్క అంటించుకుంటే సరిపోతుంది. అతుకులపై ఇస్త్రీపెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి అద్దాలి. జరిపితే ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు సాగిపోతాయి. పైగుడ్డ, దూది పొర, అడుగు గుడ్డ పరిచాక ఆ మూడింటినీ కలిపి పట్టే టాకాలు నడిమధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు వేసుకుంటూ పోతేనే వదులంతా బయటికి జరుగుతుంది. అంచుల నుంచి మొదలుపెట్టినవారికి బొంత మధ్యలో గుడ్డ ఉబ్బి మిగులుతుంది, టాకాలు విప్పకుండా దాన్ని తర్వాత సర్దలేం.

అల్యూమినియం రేకును కత్తిరిస్తే కత్తెర పదునెక్కుతుందన్న చిట్కా మాత్రం నా దృష్టిలో సగం నిజమే. అంచున లేచిన చిన్న గరుకు కాస్త సర్దుకుంటుంది, నిజంగా మొద్దుబారిన కత్తెరను సాన పట్టించవలసిందే.

చిట్కాలు పంపేవారిని తాము ఏ బట్టపై చేసి చూశారో, అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ వాడకూడదో కూడా రాయమని మీరు అడగాలని నా మనవి. అందుకు చోటు చాలకపోతే ఆరు చిట్కాలు ఇచ్చే చోట మూడే ఇవ్వండి. కుట్టేవారెవరూ దానికి అభ్యంతరం చెప్పరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు