మా ఇంటి కప్పును పునాదికి కట్టిపడేసిన వాళ్లందరికీ

మొన్నటి గాలివానకు వీధంతా నీళ్లు నిలిచినా మా గుమ్మం మాత్రం ఎక్కలేదు. కప్పు మీద రేకు ఒక్కటీ కదల్లేదు. ఇందులో మా గొప్పేమీ లేదు. చేతిలో డబ్బు తక్కువ, వరద భయం ఎక్కువ, ఏం చేయమంటారు అని అడిగితే, సొంత పనులు పక్కన పెట్టి మరీ దారి చూపించిన వాళ్ల చలవ ఇది. పేర్లు రాయొద్దన్నారు. సరే, ఎవరేం చేశారో మాత్రం రాస్తాను.

మొదటి నమస్కారం రిటైరైన ఇంజనీరు గారికి. అప్పటిదాకా మాకు అందరూ గోడల మందం గురించే చెప్పారు. ఆయన అసలు గోడల జోలికే పోలేదు. ప్లాను ముందు పెట్టుకుని రేకు మీద వేలు పెట్టారు. రేకు నుంచి దాన్ని మోసే అడ్డదూలం, అంటే పర్లిన్, అక్కణ్నుంచి వాసం, వాసం నుంచి గోడ పైనున్న బీము, ఆ బీములోంచి మూలల్లో నిలువు కడ్డీలు, చివరికి పునాది. "నా వేలు ఎక్కడ ఆగిపోతే గాలి అక్కడ ఇంటిని తెంపుతుంది" అన్నారు. తుఫాను గాలి ఇంటిని పక్కకు నెట్టడమే కాదట, కప్పు మీదుగా పోతూ దాన్ని పైకి లాగుతుందట. గాలి వేగం రెండింతలైతే ఆ ఒత్తిడి నాలుగింతలు. బరువును కిందికి దించడమే ఇల్లు కట్టడమనుకునే మాలాంటివాళ్లకు, కప్పు ఎగరకుండా పట్టి ఉంచడం కూడా లెక్కలోకి రావాలని ఆయన చెప్తేనే తెలిసింది.

బేస్‌మెంట్ ఎంత ఎత్తు పెట్టాలో తేల్చింది మాత్రం ఇంజనీరు గారు కాదు, పక్కింటి అక్క. వాళ్ల గోడ మీద పాత వరద మరక ఇంకా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, "దీనికి పైన కట్టుకోండి" అంది. అంతకంటే మంచి సర్వే ఉంటుందా? ఆ మరకకు మూరెడు పైకి లేపాం. మట్టిని ఒకేసారి పోసేయకుండా పొరపొరకూ తడిపి దిమ్మిస కొట్టించాం. పారే నీళ్లు మూలల దగ్గరే మట్టిని కోసుకుపోతాయని, చుట్టూ రాయి పేర్పించింది కూడా ఆ అక్క మాట మీదే.

మేస్త్రీ గారికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతి గురించి చెప్పగానే ముఖం చిట్లించారు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి. ఒక వరస పేర్చి చూశాక మాత్రం, షరతులు పెట్టడం ఆయన వంతైంది. బేస్‌మెంట్ కింద ఖాళీ గోడ పనికిరాదు, గట్టి కట్టుబడే ఉండాలి. మూలల్లో, గుమ్మాలకు రెండు పక్కలా ఆ ఖాళీల్లో కడ్డీ దించి కాంక్రీటు నింపాలి. అన్నీ ఒప్పుకున్నాం. మిగిలిన ఇటుకల డబ్బంతా ప్లింత్ (బేస్‌మెంట్ పైభాగం), లింటెల్ (తలుపులు, కిటికీల పైన), కప్పు మట్టాల్లో ఇంటి చుట్టూ తిరిగే మూడు బీములకు పెట్టాం.

కప్పు డిజైన్ గీసింది ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక అమ్మాయి. రెండు వాలుల కప్పు అయితే చివర్లలో మిగిలే త్రికోణపు గోడ గాలికి ఎదురు నిలబడాల్సి వస్తుందని, నాలుగు వైపులా వాలు పెట్టింది. వాలు దాదాపు 30 డిగ్రీలు. చూరు బాగా ముందుకొస్తే గాలికి పట్టు దొరుకుతుందని పొట్టిగానే ఉంచింది. వసారా కప్పును ఇంటి కప్పుతో కలపలేదు, విడిగా పెట్టింది. పోతే వసారా ఒక్కటే పోతుంది, దాంతోపాటు ఇంటి కప్పు లేచిపోదు. ఆ తెగింపు నాకు భలే నచ్చింది.

వెనక చిన్న గదికి వెదురు వాడమన్న మిత్రుడికి కూడా థాంక్స్. పాకిస్తాన్‌లో ఆర్కిటెక్ట్ యాస్మిన్ లారీ వెదురు, సున్నం, మట్టితో కట్టించే ఇళ్ల గురించీ, బంగ్లాదేశ్ నది లంకల్లో అవసరమైతే విప్పి మరోచోట నిలబెట్టుకునేలా అక్కడి ఆర్కిటెక్ట్ మెరీనా తబస్సుమ్ రూపొందించిన 'ఖుదీ బారీ' అనే చిన్న ఇంటి గురించీ ఆయన చెప్పాకే మాకు ధైర్యం వచ్చింది. వెదురును బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టడం దగ్గరుండి నేర్పించారు. ఆ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి వెదురు చూరు కిందే ఉండాలి, కాళ్లు మట్టిలో కాకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలవాలి.

ఇక వెల్డర్ అన్న. వాసాలను బీముకు బిగించే ఇనుప పట్టీలు, రేకులకు కొక్కెంలా వంగి ఉండే జె బోల్టులు, వెడల్పాటి వాషర్లు అన్నీ ఆయనే చేసి తెచ్చారు. అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర గాలి లాగుడు ఎక్కువని అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా వేశారు. పని అయిపోయిందని మేం నిచ్చెన తీసేస్తుంటే మళ్లీ వేయించి, ఒక్కో నట్టూ చేత్తో తిప్పి చూసి, వదులుగా ఉన్నవాటిని బిగించాకే దిగారు.

డ్రాయింగులు కావాలంటే అడగండి, పంపిస్తాను. పునాది కొలతలు మాత్రం మావి వాడొద్దు, మీ నేల చూపించి ఇంజనీరుతో లెక్క వేయించుకోండి. అన్నట్టు వెల్డర్ అన్నా, ఆ పట్టీల డబ్బు ఇంకా తీసుకోలేదు మీరు. ఫోన్ చేస్తే మాట మార్చేస్తున్నారు. ఆదివారం మేమే వస్తున్నాం, షాపులో ఉండండి.