‘ఇకడే యే’ అంటే ఇక్కడే ఉండమని కాదు

సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర
జూలై, 2025

చిరంజీవి పెద్దబిడ్డకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. మీ బాపు తొలి వానకే పెట్టిన పత్తి గింజలు బాగా మొలిచాయి. ప్రాణహితకు కొత్త నీరు వచ్చి, నది ఎర్రగా పారుతున్నది. బడి ఎలా తెరిచారని నీవు ఫోనులో అడిగావు గాని, చెప్పవలసినదంతా చెప్పేవరకు సిగ్నల్ నిలవలేదు. పైగా ఈ విషయంలో నీతో ఒక పని ఉన్నది. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

మిగతా మహారాష్ట్రలో జూన్ మధ్యలోనే బడులు తెరుస్తారు. మన విదర్భలో అప్పటికి ఎండ తగ్గదు కనుక ఏటా కొన్ని రోజులు ఆలస్యమవుతుందని నీకు తెలిసిందే. ఈసారి జూన్ నాలుగో వారంలో తెరిచారు. ప్రవేశోత్సవానికి ముందురోజే మన వాడ ఆడవాళ్ళందరం వెళ్ళి గదులు కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టి, బడి ముందు ముగ్గులు వేశాము. ఉదయం పిల్లలు వరుసగా నినాదాలు చెప్పుకుంటూ ఊరంతా తిరిగి వచ్చారు. ఒకటో తరగతిలో చేరిన 11 మంది చేత కుంకుమ నీళ్ళలో పాదాలు ముంచి, తెల్లకాగితంపై అచ్చు వేయించి, ఆ కాగితాలను గోడకు అంటించారు. సర్కారు అచ్చువేసే బాలభారతి పాఠపుస్తకాలు మొదటిరోజే అందరికీ ఇచ్చారు. దుస్తులు ఇంకా రాలేదు. నీ చిన్న తమ్ముడు ఇప్పుడు నాలుగో తరగతి. కొత్త పుస్తకాలకు అట్టలు నేనే వేయాలని, నీవు వేసినట్టే మూలలు మడవాలని పట్టుబట్టాడు.

ఇప్పుడు మన మరాఠీ బడిలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు మొత్తం 34 మంది ఉన్నారు, ఇద్దరు సార్లు ఉన్నారు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు ఉండాలి కాబట్టి, లెక్కలో లోటేమీ లేదు. అయినా 2023లో 20 మందికంటే తక్కువ పిల్లలున్న బడులను కలిపి సమూహ శాళలు చేయాలన్న మాట వచ్చినప్పటి నుంచి, జూన్ వస్తే చాలు, మన ఊరివాళ్ళు పిల్లలను వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెడుతున్నారు. వాగు పొంగితే పక్క ఊరికి ఐదేళ్ళ పిల్లను ఎవరు పంపుతారు? 34 అన్న లెక్క విన్న తరువాతనే చాలామంది తల్లులు నెమ్మదించారు.

అసలు చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి. ఒకటో తరగతిలోని 11 మందిలో పదిమంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఒక పిల్లవాడు మాడియా గిరిజనుల బిడ్డ, ఇంట్లో మాడియా భాషే. వాడికి తెలుగు కొంచెం వచ్చు, మరాఠీ అసలే రాదు. వీళ్ళకు చదువు చెప్పవలసిన సారు ఈ ఏడాదే పశ్చిమ మహారాష్ట్ర నుంచి బదిలీ మీద వచ్చిన యువకుడు. మంచి మనిషి, ఓపిక గలవాడు, తెలుగు మాత్రం ఒక్క ముక్క రాదు. మొదటి వారం నేను బడి అరుగుమీద కూర్చుని చూశాను. సారు ‘ఖాలీ బస్’ అన్నారు. కింద కూర్చోమని ఆయన ఉద్దేశం. మన పిల్లలు ఖాళీ బస్సు వచ్చిందనుకుని కిటికీలోంచి రోడ్డువైపు చూశారు. ఒక పాపను చేయి చాపి ‘ఇకడే యే’ అని పిలిచారు. దగ్గరికి రమ్మని అర్థం. ఆ పాపకు మాత్రం ‘ఇక్కడే’ అని వినిపించింది. తనను ఇక్కడే ఉండమంటున్నారని నమ్మి, నిలుచున్న చోటనే బిగుసుకుపోయింది. సారు మళ్ళీ పిలిచారు, పాప ఇంకా గట్టిగా గోడకు ఆనుకుంది. సారు పిల్ల మాట వినడం లేదనుకున్నారు, పిల్ల చెప్పిన మాటే వింటున్నాను గదా అనుకున్నది. చివరకు వంట చేసే అక్క లోపలినుంచి వచ్చి ‘సారు నిన్ను దగ్గరికి రమ్మంటున్నాడు, పో తల్లీ’ అని చెబితే, అప్పటికి కదిలింది.

ఆ పాపను చూస్తుంటే నాకు నీవే కనిపించావు. నీ మొదటిరోజున అప్పటి సారు ‘తుఝే నావ్ కాయ్’ అని పేరు అడిగితే, నీకు అందులో వినిపించినవి రెండే రెండు: నావ, కాయ. నీవు ‘నావ మా తాతది’ అని జవాబు చెప్పావట. వంతెన రాకముందు మీ తాత ప్రాణహితలో నావ నడిపిన మాట నిజమే గనుక, నీ జవాబులో తప్పేమీ లేదు. కాని తరగతిలో పెద్దపిల్లలు నవ్వారు. ఆ తరువాత దసరా దాకా నీవు బడిలో నోరు తెరవలేదు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో మూగదానిలా కూర్చుంటున్నదని తెలిసి నేను ఏడ్చిన సంగతి నీకు ఎన్నడూ చెప్పలేదు. నేను చెన్నూరు వైపు తెలుగు బడిలో పదో తరగతి వరకు చదివి, పెళ్ళయి నది దాటి వచ్చినదాన్ని. నాకు అప్పుడు మరాఠీ అక్షరం ఒక్కటీ రాదు, నీకు సాయం చేయలేకపోయాను. నీ పలక మీద నీవు దిద్దిన అక్షరాలను రాత్రిపూట నేను కూడా దిద్ది నేర్చుకున్నాను. దానికి బదులుగా నీకు తెలుగు అక్షరాలు నేర్పాను, అందుకే ఈ ఉత్తరం నీవు చదవగలుగుతున్నావు.

లెక్కలలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. మనం ‘ఇరవై ఒకటి’ అని పెద్ద అంకెను ముందు పలుకుతాము. మరాఠీలో ‘ఏక్‌వీస్’ అని చిన్నదాన్ని ముందు పలుకుతారు. నీవు ఏక్‌వీస్ అని విని 12 అని వేసి, తప్పు కొట్టించుకుని వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. 2019లో బాలభారతి వారు రెండో తరగతి గణితంలో పాత పద్ధతితో పాటు ‘వీస్ ఏక్’ అని చదివే పద్ధతిని కూడా చేర్చినప్పుడు పెద్ద గొడవ జరిగింది. మరాఠీ పాడైపోతుందని చాలామంది బాధపడ్డారు. వాళ్ళ బాధను నేను తప్పుపట్టను. కాని మన ఇళ్ళలోని పిల్లలకు ఆ కొత్త పద్ధతి నిజంగా తేలిక. నీ తమ్ముడు ముందు ‘వీస్ ఏక్’ పట్టుకుని, దాని మీదుగా ‘ఏక్‌వీస్’కు వచ్చాడు, నీ అంత కష్టపడలేదు.

మరాఠీ వద్దని నేను అనడం లేదు బిడ్డా. ఈ మాట నీవు సరిగ్గా అర్థం చేసుకోవాలి. తహసీల్ కచేరీలోనైనా, బ్యాంకులోనైనా, చంద్రపూర్ ఆసుపత్రిలోనైనా మరాఠీ రానివాడు ఎదుటివాడి ముఖం చూస్తూ నిలబడవలసిందే. నేను అలా నిలబడినదాన్నే. మన ప్రాంతం 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్రలో ఉంది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడివడి గడ్చిరోలి జిల్లా అయింది. ఇన్ని మారినా ఇంట్లో మాట తెలుగుగానే ఉన్నది గనుక, పిల్లవాడు బడి గడప దాటే మొదటి ఏడాది మాత్రం వాడి చేయి పట్టుకుని దాటించాలి అంటున్నాను. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చెబుతున్నదని, దానిని 1956లోనే చేర్చారని నీవు పోయిన ఉత్తరంలో రాసింది నేను రెండుసార్లు చదివాను. అంత పెద్ద వసతి మన ఊరికి ఎప్పుడు వస్తుందో గాని, ఒక గోడ మీద నాలుగు మాటలు రాసుకోవడానికి మనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ వేసవిలో హిందీ గొడవ నీవు నాగపూర్‌లో వినే ఉంటావు. ఒకటో తరగతి నుంచి మూడో భాషగా హిందీ పెట్టాలని ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు, జూన్‌లో దానిని సవరిస్తూ మరొక ఉత్తర్వు వచ్చాయి. జూన్ 29న ప్రభుత్వం రెండింటినీ వెనక్కి తీసుకున్నది. అంతా మూడో భాష, మూడో భాష అని మాట్లాడుతుంటే నాకు ఒకటే తోచింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు. ఇక హిందీ వస్తే, వాళ్ళు మూడోది అంటున్నది మన పిల్లలకు నాలుగో భాష అవుతుంది. ఈ మాట ఆ చర్చలలో ఎవరూ అన్నట్టు నా చెవిన పడలేదు.

మొన్న శాళా వ్యవస్థాపన సమితి, అంటే బడి నిర్వహణ కమిటీ, సమావేశం జరిగింది. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలని, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం. అయినా ఇన్నాళ్ళూ మేము వెళ్ళి సంతకం పెట్టి వచ్చేవాళ్ళమే గాని మాట్లాడినది తక్కువ. ఈసారి పైకప్పు కారుతున్న సంగతి, నీళ్ళ ట్యాంకు సంగతి అయిపోయాక నేను లేచి, నాకు వచ్చిన మరాఠీలోనే, ‘ఇకడే యే’ పాప సంగతి చెప్పాను. సారు ముఖం ఎర్రబడింది. నేను ఆయనను తప్పుపడుతున్నానని బాధపడ్డారేమో అని భయపడ్డాను. ఆయన తన సంచిలోంచి ఒక చిన్న వహీ, అంటే నోటుపుస్తకం, తీసి నా చేతిలో పెట్టారు. అందులో దేవనాగరి అక్షరాలతో ‘రా’, ‘కూర్చో’, ‘నీళ్ళు’, ‘ఏడవకు’ అని రాసి, ఎదురుగా మరాఠీ అర్థాలు రాసుకున్నారు. వంట అక్కను అడిగి నేర్చుకుంటున్నారట. నాకు నోట మాట రాలేదు. ఒక్కొక్క పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్కన వండిపెట్టమని నియమించిన మనిషి, ఎవరూ చెప్పకుండానే మన బడికి దుబాసీ అయింది. ఆమె పని సమితి పుస్తకంలో రాయాలని నేను పట్టుబట్టి రాయించాను.

ఆ సమావేశంలో అందరం ఒప్పుకున్నదేమంటే, ఒకటో తరగతి గదిలో తెలుగు, మరాఠీ మాటల పటం ఒకటి కట్టాలి. ఆ పటం నీవు తయారుచేయాలి. నీవు టీచరు శిక్షణ డీఎడ్ చదువుతున్నావని మాత్రమే కాదు, మన ఊరి బడిలో ఆ మాటలకు తడబడినది నీవే గనుక అడుగుతున్నాను. ఏ మాట నిన్ను భయపెట్టిందో ఏ పుస్తకంలోనూ ఉండదు, నీకే తెలుసు. ముందు రెండు భాషలలో ఒకటిగా ఉన్న మాటలతో మొదలుపెట్టు: అక్క, మామ, పుస్తకం, ఆకాశం, చంద్రుడు. సగం మాటలు తమకు ముందే వచ్చునని తెలిస్తే పిల్లలకు ధైర్యం వస్తుంది. తరువాత పలక అంటే పాటీ, బోర్డు అంటే ఫళా, నోటుపుస్తకం అంటే వహీ అని బడి సామాన్లు రాయి. మోసపుచ్చే మాటలను మాత్రం వేరే రంగుతో చివర పెట్టు: బస్, ఇకడే, నావ్, కాయ్, ఆఠ్. సారు ‘సాత్, ఆఠ్’ అని లెక్క చెబితే ఆట అనుకుని లేచిన పిల్లలను నేను ఈ వారంలోనే చూశాను. ప్రతి మాట పక్కన బొమ్మ వేయి. అక్షరం రాని పిల్లకు బొమ్మే ఆధారం. తెలుగు మాటను తెలుగు లిపిలోను, సారు కోసం దేవనాగరిలోను రాయి. మరాఠీ రాసే దేవనాగరిలో మన హ్రస్వ ఎ, ఒ లకు గుర్తులు లేవు కాబట్టి, ఎలుక అన్న మాటను ఆయన ‘ఏలుక’ అని చదువుతున్నారు. ఆ రెండింటికీ ఏదైనా చిన్న గుర్తు నీవే ఆలోచించి పెట్టు.

ఇక మిగిలిన సంగతులు తొందరగా చెబుతాను. బడికి వెళ్ళే ఆడపిల్లల కోసం నడిచే నీలం రంగు మానవ వికాస్ బస్సు వస్తున్నది, నీవు ఎక్కిన వేళకే. ఆలపల్లి రోడ్డు వానలకు మళ్ళీ చెడిపోయింది కాబట్టి పొలాల పండుగకు వచ్చేటప్పుడు రాత్రి బస్సు ఎక్కవద్దు, పగటి బస్సుకే రా. 2022 జూలై వరదలో తడిసిన బడి పుస్తకాలను గుర్తుంచుకుని ఈసారి బీరువాను ఎత్తు మీద పెట్టించాము. మీ బాపు నీ ఫీజు డబ్బులు ఈ నెల పదో తేదీ తరువాత వేస్తామన్నారు.

పటంలో రెండు వరుసలు కాదు, మూడు వరుసలు గీయి. మూడోది మాడియాకు. నీకు ఆ మాటలు రావని తెలుసు, ఏమీ రాయకుండా ఖాళీగా ఉంచి పంపించు. ఆ పిల్లవాడి తల్లి మంగళవారం సంతకు వస్తుంది. ఆమెను మన ఇంటికి పిలిచి, ఒక్కొక్క బొమ్మ చూపించి అడిగి, నేను, వంట అక్క కలిసి నింపుతాము.

ఇట్లు,
నీ అమ్మ