పాత కార్ల పెయింట్ కరెక్షన్: ఇకపై బండి చూడకుండా రేటు చెప్పం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా షాపులో ఒక పద్ధతి మారుస్తున్నాం. పదేళ్లు దాటిన కార్లకు పెయింట్ కరెక్షన్ (మెషిన్‌తో పెయింట్ మీది గీతలు పోగొట్టే పని) రేటు ఇక ఫోన్లో చెప్పం. వాట్సాప్‌లో ఫొటోలు పంపినా చెప్పం. బండి మా దగ్గరకు రావాలి, మీటరు పెట్టి పెయింట్ మందం కొలవాలి, బానెట్ మీద జానెడు మేర పని చేసి మీకు చూపించాలి. ఆ తర్వాతే రేటు. ఈ తనిఖీకి 500 రూపాయలు తీసుకుంటాం, పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. ఈ బండికి చేయించొద్దని మేమే చెప్పాల్సి వస్తే ఆ 500 కూడా తీసుకోం.

ఇన్నాళ్లూ లేని రూలు ఇప్పుడెందుకని చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద ప్రైమర్ (రంగు కింద వేసే పూత), రంగు, క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) అన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో పైనుండే క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. గీతలు పోగొట్టడం అంటే వాటి చుట్టూ ఉన్న పెయింటును గీత లోతు దాకా అరగదీసి మట్టం చేయడమే. కాంపౌండుతో, అంటే అరగదీసే పేస్టుతో, గట్టిగా ఒక రౌండు బఫింగ్ చేస్తే రెండు నుంచి ఐదు మైక్రాన్లు పోతాయి. కత్తికి సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోయినట్టే, ఆ పోయిన పొర మళ్లీ రాదు. ఎండ దెబ్బను ఆపేది కూడా ఆ క్లియర్ కోటే. అది మరీ పల్చబడితే కొన్ని ఎండాకాలాలకే రూఫ్ మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేస్తుంది.

ఇక పన్నెండేళ్ల బండికి ఇప్పటిదాకా ఎన్నిసార్లు రబ్బింగ్ పాలిష్ జరిగిందో ఓనరుకే తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే మరీను. అమ్మేముందు ఒకసారి మెరిపించి ఉంటారు, అంతకుముందు సర్వీసింగ్ ప్యాకేజీల్లో రెండు మూడుసార్లు మెషిన్ తిరిగి ఉంటుంది. అలాంటి బండికి ఫొటో చూసి రేటు చెప్పడమంటే ఎంత పెయింట్ మిగిలిందో తెలియకుండానే అరగదీస్తానని మాటివ్వడం.

మన విశాఖ బండ్లకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చెట్లు విరిగిపడి, రేకులు ఎగిరొచ్చి తగిలి, ఊళ్లో ఎన్నో కార్లకు ఆ తర్వాత టింకరింగ్, పెయింటింగ్ అయింది. అంతకుముందు కొన్న బండి ఏదొచ్చినా నేను మొదట అడిగేది ఇదే. ఈ మధ్య ఒక సిల్వర్ స్విఫ్ట్ వచ్చింది. కుడివైపు డోర్లు రెండూ 110 మైక్రాన్ల దగ్గర చూపించాయి. ఎడమవైపు వెనక డోరు 240 చూపించింది. దాని వెనక, చక్రం పైభాగంలో ఒకచోట మీటరు 900 దాటింది. అంత చూపించిందంటే రంగు కింద లప్పం ఉన్నట్టే. ఓనరుగారు ఆ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఈ సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది.

మందం ఎక్కువుంటే ఇంకా మంచిదేగా అని ఆయన అడిగారు. అలా అనుకోవడానికి లేదు. షెడ్డులో వేసిన రంగు ఎన్‌సీ పెయింటో (థిన్నర్‌కు కరిగే పాతరకం), పీయూ పెయింటో (హార్డెనర్ కలిపి గట్టిపడే రకం) మీటరు చెప్పదు. డోరు లోపలి అంచులో, పైకి కనబడని చోట థిన్నర్‌తో తడిపిన గుడ్డతో కొంచెం రుద్ది చూస్తాం. రంగు కరిగి గుడ్డకు అంటితే ఎన్‌సీ అన్నమాట. దాని మీద మెషిన్ వేడి కాస్త ఎక్కువైనా పెయింట్ మెత్తబడి మచ్చ పడుతుంది. పైగా మీటరు మొత్తం మందమే చూపిస్తుంది, అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద మా మీటరు అసలు పనిచేయదు. అందుకే బంపర్ల మీద తేలికపాటి పాలిషే వాడతాం. డోర్ల అంచులకు, బాడీ లైన్లకు టేపు వేసేస్తాం, ఎందుకంటే పెయింట్ పల్చగా ఉండేదీ, మెషిన్‌కు ముందు ఊడేదీ అక్కడే.

పాత మారుతి 800ల సంగతి వేరే. మామూలు ఎరుపు, తెలుపు రంగుల్లో వచ్చిన పాత బండ్లలో చాలావాటికి క్లియర్ కోటే ఉండదు, పైనున్నది నేరుగా రంగే. ఒక రిటైర్డ్ మాస్టారు తన ఎర్ర 800 తెచ్చారు. బానెట్ పాలిపోయి గులాబీ రంగులోకి తిరిగింది, చేత్తో రాస్తే వేలికి సుద్దలా అంటుతోంది. ఒక మూల మెత్తటి ప్యాడ్‌తో మెషిన్ పెట్టాను. నాలుగు తిప్పులకే తెల్ల ప్యాడ్ ఎర్రబడింది. "రంగంతా ఊడిపోతోందేంటి బాబూ!" అని ఆయన కంగారుపడ్డారు. ఊడుతున్నది ఎండకు చచ్చిపోయిన పైపొర. తుడిచి చూపిస్తే కింద అసలు ఎరుపు కనబడింది. కానీ రూఫ్ మీద రెండుచోట్ల ప్రైమర్ అప్పటికే తొంగిచూస్తోంది. అక్కడ మెషిన్ పెట్టను, చేత్తో వ్యాక్స్ మాత్రం వేస్తాను అన్నాను. దానికి ఆయన, "మెరుపు ఎంతున్నా పర్లేదు. ఆర్సీ ఇంకో ఐదేళ్లకు చేయించాను, అప్పటిదాకా రంగు నిలబడితే చాలు" అన్నారు.

పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ తప్పదు, 2022 ఏప్రిల్‌లోనే ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. అంత ఖర్చు పెట్టుకుని, ఫిట్‌నెస్ చేయించుకుని మరీ బండి ఉంచుకుంటున్నారంటే దాని మీద ఎంత ఇష్టమో నాకు అర్థమవుతుంది. అలాంటి బండి మీద ఉన్న చివరి పొరను ఒక్కపూట మెరుపు కోసం తీసేయడానికి నాకు చేతులు రావు. అందుకే పాత కార్లకు నూటికి నూరు శాతం గీతలు పోతాయని మేం మాటివ్వం. బండిని బట్టి 60, 70 శాతం పోతే ఆగిపోతాం. గోరుతో గీస్తే గోరు తట్టుకునే గీతలను వదిలేస్తాం.

మరో మాట. పోర్టు వైపు, వన్‌టౌన్, జ్ఞానాపురం నుంచి వచ్చే తెల్ల కార్ల మీద సన్నటి నారింజ చుక్కలు కనిపిస్తుంటాయి. రేకు తుప్పు పట్టిందని భయపడతారు. చాలాసార్లు అది బయటి నుంచి వచ్చి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను. రైళ్లు, లారీల బ్రేకులు, ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్లో అది మామూలే. ఐరన్ రిమూవర్ కొడితే చుక్క చుక్కా ఊదారంగుకు తిరిగి కారిపోతుంది. తర్వాత క్లే బార్‌తో (గుచ్చుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దితే ప్యానెల్ నున్నబడుతుంది. ఈ పనికే గంటన్నర పడుతుంది. ఇది చేయకుండా మెషిన్ పెడితే ఆ రజను ప్యాడ్ కింద పడి కొత్త గీతలు గీస్తుంది. రెండు గంటల్లో మొత్తం పెయింట్ కరెక్షన్ అని ఎవరైనా అంటే ఈ పని ఎప్పుడు చేస్తారో అడగండి.

మా దగ్గరే చేయించుకోవాలని లేదు. ఎక్కడికెళ్లినా మీటరు రీడింగులు మీ ముందే తీయమనండి. టెస్ట్ ప్యాచ్ (పైన చెప్పిన జానెడు పని) అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు కొట్టి తుడిచి చూపించమనండి. కొన్ని పాలిష్‌లలో ఉండే నూనెలు, ఫిల్లర్లు గీతలను కప్పేస్తాయి, నాలుగు వాష్‌లకు అవన్నీ మళ్లీ పైకి తేలతాయి. ఆల్కహాల్‌తో తుడిస్తే అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత బండిని ఎండలోకి తీసి చూడండి. షాపులో ట్యూబ్‌లైట్ల కింద కనబడని గుండ్రటి గీతలు ఎండలో కనిపిస్తాయి. సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పూత) వేస్తే గీతలు పోతాయని చెబితే నమ్మొద్దు, ముందు గీతలు తీయకపోతే అవి కోటింగ్ కింద అలాగే ఉండిపోతాయి. క్లియర్ కోట్ లేని పాత బండ్లకు నేనైతే సెరామిక్ సలహా ఇవ్వను, మూడు నాలుగు నెలలకోసారి మంచి వ్యాక్స్ చాలు.

క్లియర్ కోట్ పొలుసులు లేచిన ప్యానెల్, ఉప్పుగాలికి రంగు కింద బుడగలు వచ్చిన రేకు పాలిష్‌తో బాగుపడవు. అవి పెయింటర్ పని, ఆ ప్యానెల్ వరకే వేయించుకోమంటాను. రంగే మార్చాలనుకుంటే మాత్రం ముందు ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో మార్పించుకోవాలి.

రేట్లు కూడా పెరుగుతున్నాయి. పాత చిన్న కారుకు తేలికపాటి ఒక రౌండు కరెక్షన్ 5,000, సెడాన్‌కు 6,500. రెండు రౌండ్లు మీటరు ఒప్పుకుంటేనే, 9,000 నుంచి మొదలు. పాత బండి ఇక ఒక రోజులో ఇవ్వం, రెండు రోజులు పడుతుంది. తొందరగా కావాలన్నవాళ్లు కొందరు మాకు దూరమవుతారని తెలుసు. అయినా ఇలాగే చేస్తాం.

చేయించాక దాన్ని నిలుపుకోవడం అపార్ట్‌మెంట్ కింద మొదలవుతుంది. పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే కుర్రాడి తప్పేం లేదు, అతనికి ఇచ్చింది అదే. ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించాకే గుడ్డ పెట్టమని చెప్పండి. మేమిచ్చే రెండు మైక్రోఫైబర్ గుడ్డలు మీ బండికే వాడమనండి. బోరు నీళ్లయితే ఎండలో ఆరనివ్వకుండా తుడవాలి, ఆ తెల్ల మరకలు పెయింట్‌ను తినేస్తాయి. దుమ్ము మీద కవర్ కప్పితే సముద్రపు గాలికి అది ఊగుతూ రోజంతా గీస్తూనే ఉంటుంది.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే. కానీ తనిఖీ వాళ్లకూ ఉంటుంది, దానికి డబ్బులు తీసుకోం. తనిఖీలు మంగళ, గురువారాల్లో ఉదయం పది లోపు, ఎండ ముదిరి రేకు కాలకముందే చేస్తాం. బండికి ముందే పాలిష్ కొట్టించి తేవద్దు, మట్టితో ఉన్నా అలాగే తీసుకురండి, మేమే కడుగుతాం. గతంలో పెయింటింగ్ చేయించిన బిల్లులు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు ఉంటే ఫొటో అయినా తెచ్చుకోండి, ఏ ప్యానెల్ మీద ఎక్కువ జాగ్రత్తపడాలో వాటిని బట్టే సగం తెలిసిపోతుంది.