కొత్త భవనం బొమ్మలో పక్కనున్న పాత సిటీ హాల్ కూడా కనపడాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత సిటీ హాల్ పక్కన కొత్త మున్సిపల్ భవనం అనే మాట ఎప్పుడు వచ్చినా పేపర్లో ముందుగా ఒక బొమ్మ పడుతుంది. నీలం ఆకాశం, పచ్చటి చెట్లు, మధ్యలో మెరిసిపోయే అద్దాల బిల్డింగు, ముందు నలుగురు నడుచుకుంటూ పోతుంటారు. పక్కనే ఉన్న పాత భవనం మాత్రం అందులో ఉండదు, ఉన్నా ఏ అంచునో సగం తెగిపోయి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు మనసుకి కష్టంగా ఉంటుంది, కట్టేది ఖాళీ మైదానంలో కాదు కదండీ, నాలుగు తరాల జనం పుట్టిన సర్టిఫికెట్ నుంచి చనిపోయిన సర్టిఫికెట్ దాకా తిరిగిన మెట్ల పక్కన కడుతున్నాం. నేను ఇరవై ఏళ్లుగా సైట్ ఇంజనీరుగా పని చేస్తున్నా, ఇలాంటి పనుల్లో కూడా ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఈ విషయం మీద చర్చ మొదలైతే చాలు ఒకటే గొడవ, పాత స్టైల్లో కట్టాలా మోడ్రన్‌గా కట్టాలా అని. పాత స్టైల్ కావాలనేవాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది కానీ నేను దానికి ఒప్పుకోను. పాత భవనంలో ఆర్చీ ఉందంటే అది పైనున్న గోడ బరువు మోస్తోంది, ఒక్కో రాయినీ కొలత ప్రకారం చెక్కి పేర్చారు. ఇప్పుడు మనం కాంక్రీటు స్తంభాలు, బీములు పోసేసి దాని మీద అచ్చులో పోసిన ఆర్చీ తెచ్చి అతికిస్తే అది దేన్నీ మొయ్యదు, పదేళ్లకి దాని రంగు పోయి జాయింట్లలో నీళ్లు దిగుతాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది, పిల్లలకి ఏది అసలుదో ఏది నకలో తెలీకుండా పోతుంది, పక్కన నకలు నిలబడ్డాక అసలుదాని విలువ కూడా తగ్గుతుంది. 1964లో వెనిస్‌లో పాత కట్టడాలను కాపాడటం గురించి ఒక చార్టర్, అంటే నియమాల పత్రం, రాసుకున్నారు, అందులో కొత్తగా చేర్చేది ఏదైనా అది ఈ కాలంలో చేసిందని తెలియాలి అన్నారు, దాంతోపాటే పాతదాని చుట్టూ ఉన్న పరిమాణం, రంగు, పొందిక చెడగొట్టే కట్టుబడి వద్దని కూడా అన్నారు. మోడ్రన్ కావాలనేవాళ్లు మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేస్తారు, పాత స్టైల్ వాళ్లు అటు నుంచి అదే పని చేస్తారు.

రెండు మాటలూ కలిపి పాటించడానికి ఎంత ఓపిక కావాలో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ చూస్తే తెలుస్తుంది. అక్కడ 17వ శతాబ్దంలో మొదలైన పాత టౌన్ హాల్‌కి, అంటే కోర్టు కూడా అదే, పక్కన కొత్త భాగం కట్టడానికి పోటీ పెడితే 1913లో గున్నార్ ఆస్ప్లుండ్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ గెలిచాడు. అది పూర్తయ్యేసరికి 1937, అంటే ఇరవై ఏళ్లకి పైనే, ఆ మధ్యలో ఆయన డిజైన్ మళ్లీ మళ్లీ మార్చి గీశాడు, పాత పద్ధతిలో గీశాడు, క్లాసికల్‌గా గీశాడు, చివరికి సాదా ఫ్రేము, దానిలో గళ్లు, గళ్లలో కిటికీలు అనే చోటికి వచ్చాడు. ప్లాన్లూ ఫోటోలూ ముందేసుకుని నేను చాలాసేపు చూసిన విషయం ఒకటుంది, ఆ కిటికీలు గడికి మధ్యలో ఉండవు, ప్రతి గడిలోనూ పాత భవనం వైపుకి కాస్త జరిగి ఉంటాయి. అంతే, ఆ కాస్త జరగడంతోనే కొత్తది పాతదాని వైపు మొహం తిప్పినట్టు ఉంటుంది. నగిషీ ఒక్కటి కూడా కాపీ కొట్టలేదు. కట్టిన కొత్తలో ఆ ముఖభాగాన్ని జనం పేపర్లలో బాగా తిట్టారు, ఇవాళ ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకి అదే పాఠం.

అయితే నా బాధ ఎలివేషన్ గురించి, అంటే బయటి రూపం గురించి కూడా కాదు అసలు, ఎలివేషన్ దగ్గరికి వచ్చేసరికే సగం పని చెడిపోయి ఉంటుంది. ఫ్లోర్ హైట్ చూడండి. పాత భవనాల్లో ఒక్కో అంతస్తు 15, 16 అడుగులు సులువుగా ఉంటుంది, ఇప్పటి ఆఫీసు ఫ్లోర్ 12 అడుగుల్లో అయిపోతుంది. పాతదాని మొదటి అంతస్తు 16 అడుగుల దగ్గరుంటే కొత్తదాంట్లో ఒక స్లాబు 12 దగ్గర, ఇంకోటి 24 దగ్గర పడుతుంది, ఇక రెండిటికీ మధ్య దారి వెయ్యాలంటే మెట్లే గతి, వీల్‌చైర్లో వచ్చినవాళ్లు అక్కడ ఆగిపోవాల్సిందే. బయట నుంచి చూసినా కిటికీల వరసలు ఒకదానికొకటి కలవవు, ఎందుకో తెలీదు గానీ ఎబ్బెట్టుగా ఉందే అనిపిస్తుంది జనానికి. దీనికి మందు చాలా చిన్నది, కొత్తదాని గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటి 16 అడుగులు పెట్టుకుంటే చాలు, జనం వచ్చి నిలబడే కౌంటర్లన్నీ అక్కడే కాబట్టి ఎత్తు ఎలాగూ కావాలి. కానీ ఇది బ్రీఫ్‌లో, అంటే ఆర్కిటెక్ట్‌కి ఏం కావాలో చెప్పి ఇచ్చే కాగితంలో, ముందే రాసి ఉండాలి, టెండర్ అయ్యాక ఎవరూ మార్చరు.

పునాది సంగతి ఇంకా ముఖ్యం. ఒక పాత ప్రభుత్వ భవనం పక్కన రెండు అంతస్తుల సెల్లార్ తవ్వుతున్నప్పుడు నేను ఆ సైట్లో ఉన్నా. పాత గోడలో పగుళ్లు కనపడితే వాటికి అడ్డంగా సన్నటి గాజు ముక్క పెట్టి రెండు చివర్లూ అతికించి పక్కన తేదీ రాస్తాం, గోడ కదిలితే గాజు విరుగుతుంది, విరగలేదంటే అది పాత పగులే, భయం లేదు. ఆరు చోట్ల పెట్టాం. పంపులతో భూమిలో నీళ్లు తోడటం మొదలెట్టిన తొమ్మిదో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే సెల్లార్ వైపు గోడ మీద పెట్టిన మూడూ విరిగి ఉన్నాయి, మధ్యలో నిలువుగా, వెంట్రుకంత సందు. వేలు పెట్టి చూశా, సున్నం పొడి రాలింది. పైవాళ్లకి చెప్పా, పంపులు ఆపండి, ముందు గుంట అంచు వెంబడి గోడ వేసుకుని తర్వాత తవ్వుదాం అని, షెడ్యూల్ పోతుంది అన్నారు, నాలుగు రోజులు ఆగకుండా తోడారు. ఆ తర్వాత ఆపారు కానీ ఆ గోడకి ఇప్పుడు ఇనుప పట్టీలు ఉన్నాయి, ఆ దారిన వెళ్లినప్పుడల్లా వాటి వైపు చూస్తా. సున్నంతో కట్టిన మందపాటి గోడలు చాలావాటికి పునాది లోతు తక్కువ, కింద మట్టిలో నీటిమట్టం దిగితే మట్టి కుంగుతుంది, దాంతో గోడ కూడా. గోడ పాతదైపోయిందండీ అని ఎవరైనా అంటే నమ్మకండి, అన్నేళ్లు నిలబడ్డ గోడ తొమ్మిది రోజుల్లో ముసలిదైపోదు.

ఇంతా చెప్పి కొత్తది వద్దు అంటానేమో అనుకోకండి, కొత్తది కావాలి, పాతదాని కోసమే కావాలి. పాత సిటీ హాల్‌ని ఎక్కువగా పాడు చేసేది వర్షం కాదు, మన అవసరాలు. లిఫ్ట్ కావాలని మెట్ల హాలు పగలగొడతారు, ఏసీ కోసం గోడలకి కన్నాలు వేస్తారు, చెక్క దూలాల మీద నిలబడ్డ ఫ్లోర్ మీద ఇనుప ర్యాకుల్లో టన్నుల కొద్దీ ఫైళ్లు పేరుస్తారు, తడి ఎక్కుతోందని సున్నపు గోడకి సిమెంటు పూస్తారు, ఆ సిమెంటు లోపలి తడిని బయటికి రానివ్వక గోడ లోపల్నుంచి గుల్లవుతుంది. ఈ లిఫ్టు, ఫైర్ మెట్లు, టాయిలెట్లు, సర్వర్లు, రికార్డ్ రూమ్ అన్నీ కొత్త భవనంలో పాతదానికి ఆనుకునే చోట పెట్టి, అక్కడ నుంచి ఒక తలుపు, ఒకే ఒక్క తలుపు, అదీ ఇదివరకే కిటికీ ఉన్నచోట తీస్తే పాతదాన్ని ఎక్కడా విరగ్గొట్టే పని లేదు. కౌన్సిల్ మీటింగులు, పెళ్లి రిజిస్ట్రేషన్లు పాత హాల్లోనే హాయిగా జరుపుకోవచ్చు.

ఈ ఆఖరి మాట ఊరికే అనట్లేదు. టొరంటోలో పాత సిటీ హాల్ 1899లో తెరిచారు, రాతి కట్టడం, పెద్ద గడియారం టవరు. దాని పక్కనే కొత్తది కట్టడానికి అంతర్జాతీయ పోటీ పెడితే 500కి పైగా డిజైన్లు వచ్చాయి, 1958లో ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ విల్యో రెవెల్ గెలిచాడు, 1965లో తెరిచారు, అది చూడటానికి ఆయన లేడు, అంతకు ముందు ఏడాదే పోయాడు. వంపు తిరిగిన రెండు టవర్లు, ఒకటి 27 అంతస్తులు, ఒకటి 20, పాతదానితో ఏ పోలికా లేదు, అయినా ముందు పెద్ద చౌక్ ఖాళీగా వదిలారు కాబట్టి అందులో నిలబడితే పాత గడియారం కూడా పూర్తిగా కనపడుతుంది. డిజైన్ వరకు నాకు చాలా ఇష్టం. కానీ ఆఫీసులు కొత్తదాంట్లోకి వెళ్లిపోగానే పాతదానికి సిటీ హాల్‌గా పని లేకుండా పోయింది, గడియారం టవరూ యుద్ధ స్మారకమూ ఉంచి మిగతాది కూల్చేసి షాపింగ్ సెంటర్ కడదామన్నారు 1960ల్లో. ఊరి జనం గట్టిగా నిలబడితే ఆగింది, తర్వాత దశాబ్దాలపాటు అది కోర్టుగా నడిచింది. కొత్తదానికి శంకుస్థాపన చేసే రోజునే పాతదానికి ఏం పని ఇస్తున్నారో కాగితం మీద రాసి ఉండాలని నేను అడిగేది అందుకే.

ఇక మీకు ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి భవనం బొమ్మ మీ ఆఫీసుకి వస్తే, పక్కనున్న పాత భవనం కూడా కలిపి, రోడ్డు మీద నిలబడ్డ మనిషి కంటికి ఎలా కనపడుతుందో అలా గీసి పంపమని అడగండి, పిట్టగోడ ఎత్తులు రెండిటివీ అడుగుల్లో వేయమనండి, అవి లేకపోతే బొమ్మ వెయ్యకండి. అధికారులకి కూడా ఒక మాట మీ పేపర్ ద్వారా చెప్పాలనుంది. స్విట్జర్లాండ్‌లో చాలాచోట్ల కొత్త భవనానికి అనుమతి అడిగితే ముందు స్థలంలో సన్నటి గుంజలు పాతుతారు, మూలలు ఎక్కడొస్తాయో, ఎత్తు ఎంతో, పైకప్పు ఎటు వాలుతుందో అన్నీ ఆ గుంజలతోనే చూపిస్తారు, చుట్టుపక్కల జనం వచ్చి చూసి అభ్యంతరం ఉంటే గడువులోపల రాసిస్తారు. పాత సిటీ హాల్ పక్కన అలాంటి గుంజలు ఒక నెలపాటు నిలబెట్టడం పెద్ద పనేం కాదు. పని మీద వచ్చినవాళ్లు, రోడ్డు దాటేవాళ్లు, బండి ఆపుకుని నిలబడ్డవాళ్లు తల ఎత్తి చూసుకుంటారు, గడియారం కనపడుతోందా లేదా అని.

ఇట్లు,
ఒక సైట్ ఇంజనీరు