ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే ముందు కళ్ళు చూపించరా

ఒరేయ్,

కీళ్ళవాపు అని మీ పాపకు చేయించిన రక్తపరీక్ష రిపోర్టు ఫోటో రాత్రి నువ్వు పంపావు కదా, చూశాను. ఏఎన్‌ఏ అంటే మన కణాల కేంద్రకాలకే అతుక్కునే యాంటీబాడీలు, వాటికి చేసే పరీక్ష అది. "ఏఎన్‌ఏ పాజిటివ్, 1:320" అని కనిపించగానే రెండేళ్ళ కిందటి మా ఇల్లు కళ్ళముందు మెదిలింది. నీ గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను, పైగా చెల్లెమ్మ కూడా చదవాలి, అందుకే కూర్చుని అంతా రాస్తున్నాను.

ముందు ఆ 320 సంగతి. ల్యాబ్ వాళ్ళు "1:80 లోపు నార్మల్" అని పక్కన వేశారు కదా, 320 అంటే నాలుగింతలు ఎక్కువ, అంటే జబ్బు నాలుగింతలు ముదిరిందని నువ్వు లెక్క కట్టావు. నేనూ అప్పుడు అచ్చం అదే లెక్క కట్టాను. అది అలా కాదురా. పాప రక్తంలోంచి సీరం తీసి దాన్ని పల్చన చేస్తూ పోతారు, 40 వంతులు, 80, 160, 320, అలా ప్రతిసారీ రెట్టింపు. ఆ పల్చటి సీరాన్ని స్లైడ్ మీద పరిచిన కణాలపై పోసి, రంగు కలిపి మైక్రోస్కోప్‌లో చూస్తారు. కణం నడుమ ఉండే కేంద్రకానికి అతుక్కునే యాంటీబాడీలు ఉంటే అక్కడ ఆకుపచ్చగా మెరుస్తుంది. 320 వంతులు పల్చన చేసినా ఇంకా మెరుపు కనబడింది, ఆ అంకెకు అంతే అర్థం. చూసేది మనిషి కన్ను, కాబట్టి 160 అన్నది ఇంకో ల్యాబ్‌లో 320 అవడం మామూలే.

ఈ యాంటీబాడీలు ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా ఉంటాయి. 1997లో చాలా ల్యాబ్‌లు కలిసి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పరీక్షిస్తే 1:80 దగ్గర దాదాపు 13 శాతం మందికి, 1:320 దగ్గర కూడా 3 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. అంత దూరం ఎందుకు, మా పాపకు తన వల్లే వచ్చిందేమోనని బెంగపెట్టుకుని మా ఆవిడ, అదే మీ చెల్లెలు, తనూ చేయించుకుంది. 1:80 పాజిటివ్. తనకు ఇవాళ్టి దాకా ఏ జబ్బూ లేదు. కానీ ఆ కాగితం పట్టుకుని ఆ రోజు తను ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. చెల్లెమ్మను ఆ పని మాత్రం చేయనివ్వకు.

మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. పొద్దున్నే మంచం దిగి కుంటేది, మధ్యాహ్నానికల్లా పరుగులు తీసేది. ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాం. ఒకరోజు స్నానం చేయించి తుడుస్తుంటే మీ చెల్లెలు గమనించింది, మోకాలిచిప్పకు పక్కన ఉండే చిన్న గుంట ఎడమ కాలికి ఉంది, కుడి కాలికి లేదు. పూడిపోయి నున్నగా ఉంది, చెయ్యి పెడితే కాస్త వెచ్చగా తగిలింది. నొప్పి అని అది ఒక్కసారి కూడా అనలేదు. డాక్టరమ్మ రిపోర్టులు చూడకముందే ఆ మోకాలు రెండు చేతుల్తో పట్టుకుని, వంచి, చాచి, జేఐఏ (జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రయిటిస్) అనుకుంటున్నానని చెప్పేసింది. మీ పాప విషయంలోనూ అంతే కదా, రెండు నెలలుగా మోకాలు, చీలమండ వాచి ఉన్నాయి కాబట్టే ఆ మాట అన్నారు. 16 ఏళ్ళలోపు మొదలై కనీసం 6 వారాలు తగ్గకుండా ఉన్న కీళ్ళవాపుకు, వేరే కారణం ఏదీ లేదని తేల్చుకున్నాక పెట్టే పేరు అది. ఆ పేరు పెట్టడానికి ఏ యాంటీబాడీ పరీక్షా అక్కర్లేదు.

అందుకే ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ఇంకో యాంటీబాడీ) నెగటివ్ వచ్చిందని మీ అమ్మగారు సంబరపడుతున్నారంటే పాపం అనిపించింది. కీళ్ళవాపు వచ్చిన పిల్లల్లో అది పాజిటివ్ అయ్యేది నూటికి ఓ అయిదుగురికి. నెగటివ్ రావడం మంచిదే, కానీ జబ్బు లేదని కాదు. ఇక రిపోర్టులో ఉన్న ఆ హెచ్‌ఎల్‌ఏ బి27 అసలు యాంటీబాడీయే కాదు, అదొక జన్యువు, దాన్ని ఈ లెక్కలో కలపకు.

లూపస్ గురించి అడిగావు, అదే, శరీరం తన అవయవాల మీద తానే దాడి చేసుకునే జబ్బు. ఇంటర్నెట్‌లో ఏఎన్‌ఏ అని కొడితే మొదట వచ్చేది అదే, నేను తెల్లవారేదాకా అదే చదివాను. ఏఎన్‌ఏ ఒక్కటీ చూసి లూపస్ అని ఎవరూ అనరు. జ్వరాలు, బుగ్గల మీద ఎర్రటి మచ్చలు, నోట్లో పుళ్ళు, మూత్రంలో ప్రొటీన్ పోవడం, ఇవన్నీ అడిగి చూస్తారు. అనుమానం ఉంటే డీఎస్‌డీఎన్‌ఏ (డీఎన్‌ఏకి అతుక్కునే) యాంటీబాడీలు, రక్తంలోని సీ3, సీ4 అనే ప్రొటీన్ల పరీక్షలు చేయిస్తారు. మా పాపకు ఈ లక్షణాలేవీ లేవు, ఆ పరీక్షలూ బాగానే వచ్చాయి. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ పాపకూ అవేవీ లేవు, అయినా నీ మనశ్శాంతి కోసం డాక్టరుగారిని సూటిగా అడుగు.

మరి ఆ పాజిటివ్‌కి అర్థమే లేదా అంటే, ఉందిరా. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. మా డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇది మోకాలి గురించి నాకేమీ చెప్పదు, కళ్ళ గురించి చెప్తుంది" అంది. చిన్న వయసులో జేఐఏ మొదలై ఏఎన్‌ఏ పాజిటివ్ ఉన్న పిల్లలకు కంటి లోపల వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. యువైటిస్ అంటారు. దాని దొంగబుద్ధి ఏంటంటే కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, పిల్ల ఏమీ చెప్పదు. మోకాలు పూర్తిగా తగ్గిపోయినప్పుడు కూడా రావచ్చు. చూడకుండా వదిలేస్తే కంటిపాప అంచు లోపల అతుక్కుపోవడం, శుక్లం, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినడం) దాకా పోతుంది. ముందే పట్టుకుంటే చుక్కల మందుతోనో, అవసరమైతే ఇంకాస్త గట్టి మందులతోనో అదుపులో పెట్టొచ్చు. మీ పాపకు అయిదేళ్ళు, జబ్బు ఇప్పుడే మొదలైంది, ఏఎన్‌ఏ పాజిటివ్. ఇలాంటి పిల్లలకు మూడు నెలలకోసారి కళ్ళు చూడాలి, ఏడేళ్ళలోపు మొదలైతే మొదటి నాలుగేళ్ళూ అలాగే.

బోర్డు మీద అక్షరాలు చదివించి పంపేస్తే ఊరుకోవద్దు. స్లిట్ ల్యాంప్‌తో చూడాలి. గడ్డం ఒక దిమ్మె మీద ఆనించి, నుదురు పట్టీకి ఆన్చి కూర్చోబెడతారు, సన్నటి గీతలాంటి వెలుగు కంట్లోకి వేస్తారు. కిటికీలోంచి పడే ఎండలో దుమ్మురేణువులు తేలుతుంటాయి చూశావా, వాపు ఉంటే కంటి ముందుగదిలో కణాలు ఆ వెలుగులో అలాగే తేలుతూ కనిపిస్తాయట. డాక్టరు వాటిని లెక్కపెడతారు. మా పాపకు మూడోసారి చూసినప్పుడు ఎడమ కంట్లో కొన్ని కనిపించాయి. ఆ రోజు పొద్దున కూడా అది ఆడుతూనే ఉంది. చుక్కలతో తగ్గింది, ఇప్పుడు రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్నాయి.

ఇంకో తప్పు నేను చేసింది, నువ్వు చేయకు. మందు మొదలుపెట్టి ఆరు నెలలయ్యాక ఏఎన్‌ఏ ఎంత తగ్గిందో చూద్దామని డాక్టరమ్మను అడక్కుండా నేనే వేరే ల్యాబ్‌లో చేయించాను. 1:640 వచ్చింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మోకాలు చూస్తే వాపు పూర్తిగా పోయి ఆ చిన్న గుంట మళ్ళీ కనబడుతోంది! మందుతో జబ్బు తగ్గినా ఈ అంకె తగ్గాలని లేదు, మళ్ళీ మళ్ళీ చేయించే పనే లేదని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అనవసరంగా పిల్ల చేతికి సూది గుచ్చించానని ఇప్పటికీ బాధగా ఉంటుంది. చూడాల్సింది పొద్దున ఎంతసేపు బిగుసుకుని ఉంటోంది, ఏ కీలు వాచింది, కళ్ళు ఎలా ఉన్నాయి, డాక్టరు రాసినప్పుడు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు. అవి కూడా కొంతమంది పిల్లల్లో వాపు ఉన్నా నార్మల్‌గానే వస్తాయి, కాబట్టి చేతితో పట్టి చూసిందే ఎక్కువ నమ్ము.

నీ అపాయింట్‌మెంట్ ఇంకా పది రోజులుంది అన్నావు. కంటి డాక్టరు కోసం అప్పటిదాకా ఆగకు, రేపే ఆసుపత్రికి ఫోన్ చేసి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చిందని చెప్పి, స్లిట్ ల్యాంప్ పరీక్షకు ఎవరి దగ్గరికి పంపుతారో అడుగు. ఈలోగా ఇంట్లో పాపతో ఆట ఆడించు, బల్ల మీద పుస్తకాలు పేర్చి దానిమీద గడ్డం ఆనించి, నువ్వు పది లెక్కపెట్టేదాకా కదలకుండా నీ చెవి వైపు చూడమను, పక్కన టార్చి పట్టుకో, కానీ దాన్ని కంట్లోకి వేయకు. మాది ఇలా రెండు రోజులు ఆడాకే అక్కడ ఏడవకుండా కూర్చుంది. బయటికి రాగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

నీ
వాడే